రెండు పలకలు

మా ఇంట్లో రెండు పలకలుండేవి. ఒకటి నాది, ఒకటి మా నాయనది. నాది రాతిపలక. చుట్టూ కొయ్య చట్రం, ఒక మూల పగిలిపోయి ఉండేది. నాయనది తోలుపలక. దానికీ చుట్టూ కొయ్య చట్రమే. దాన్నీ పలక అనే అంటారు, దీన్నీ పలక అనే అంటారు. నాయన గూడా నా మాదిరే పలక చంకన పెట్టుకొని యాడికో బడికి పోతాడని చిన్నప్పుడు అనుకొనేవాణ్ణి.

కోస్తాలోనూ తెలంగాణలోనూ దాన్ని డప్పు అంటారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, మా పక్కంతా పలకే. మేము మాదిగలం. మా ఊరు పుంగనూరుకు దగ్గర. ఊరి పేరు వేరు, మా వాడ పేరు వేరు. సర్కారు కాగితాల్లో మా వాడకు ఏ.ఏ.డబ్ల్యూ. అని ఉంటుంది. ఆది ఆంధ్ర వాడ అని దానికి అర్థం. ఊర్లో వాళ్ళు పిలిచే పేరు మాత్రం అది కాదు. ఆ పేరు ఇక్కడ రాయను. చదివే మీకు తెలుసు.

నాయన చావులకు, జాతరలకు, చాటింపులకు పలక కొట్టేవాడు. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతరకు గూడా ఆయన జట్టు పోయేది. జాతరకు పోతే నాలుగు డబ్బులొచ్చేవి. ఊర్లో చావుకు కొడితే డబ్బుల్లేవు. ఏడాదికొకసారి కల్లం దగ్గర మేర కింద కొలిచే రాగులు, చావింటి కాడ పోసే సారాయి, అంతే. నడిరేయి మనిషి పోయినా ఊర్లోనుంచి ఒకడు వచ్చి, వాడ మొదట్లోనే నిలబడి, నాయన పేరు పెట్టి కేకేసేవాడు. జరమొచ్చి పడుకోనుండినా లేచి పోవాల్సిందే. రానని చెప్పేదానికి మా నాయన దగ్గర మాట లేదు. మా తాత దగ్గర గూడా లేదు.

రెండో తరగతిలో ఒకరోజు నేను పలక మర్చిపోయి బడికి పోయినాను. అయివారు నన్ను లేపి నిలబెట్టి, "మీ ఇంట్లో ఇంకో పలక ఉంటుంది గదరా, దాన్నన్నా తెచ్చుకోకపోయినావా" అన్నాడు. బడి బడంతా నవ్వింది. నాకు మొదట అర్థం కాలా. అర్థమైనాక నేనూ నవ్వినాను. ఏడిస్తే ఇంకా నవ్వుతారని నవ్వినాను. ఆ రోజుతో నా రెండు పలకలూ వేరైపోయినాయి. నాయన పలక చంకన పెట్టుకొని ఎదురొస్తే నేను ఇంకో సందులో పడి పోయేవాణ్ణి.

గద్దర్ గొంతు నేను మొదట విన్నది ఆ రోజుల్లోనే. మా వాడలో ఒకన్న బెంగుళూరుకు కట్టడం పనికి పోయి టేపురికార్డరు తెచ్చినాడు. రాత్రిపూట రచ్చబండ మీద పెట్టి క్యాసెట్లు వేసేవాడు. ఆ క్యాసెట్టు ఎన్ని చేతులు మారి వచ్చిందో, అరిగిపోయి గొంతు నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టు ఉండేది. అయినా అది వినబడినాక వాడలో ఎవురూ కదిలేవాళ్ళు కాదు. మా మాటే, మా యాసే కాదు గానీ మా మాదిరి మాటే, టేపులోనుంచి రావడం మాకు వింత. పాట నడుమ పలక పడేది. నాయన బీడీ ముట్టించుకొని విని విని, "ఎవురో గాని మంచి చేయి" అన్నాడు. పాట పాడినాయన గురించి కాదు. పలక కొట్టినాయన గురించి. ఆ మాట నాకు ఇరవై ఐదేండ్ల తర్వాత గుర్తుకొచ్చింది.

గద్దర్ అసలు పేరు గుమ్మడి విఠల్ రావు. మెదక్ జిల్లా తూప్రాన్లో దళిత కుటుంబంలో పుట్టినాడు. ఇంజనీరింగు చదువు నడుమలో వదిలినాడు. బ్యాంకు ఉద్యోగం వదిలినాడు. 1972లో మొదలైన జననాట్యమండలితో ఊరూరూ తిరిగినాడు. గోచీ, గొంగడి, చేతిలో కర్ర, కాళ్ళకు గజ్జెలు. కూలోడు చేలో ఎట్ల ఉంటాడో అట్లనే వేదిక మీద నిలబడినాడు. 1985 జూలై 17న కారంచేడులో మాదిగల్ని నరికి చంపినప్పుడు ఆ చావుల మీద పాట కట్టి రాష్ట్రమంతా వినిపించినాడు. అజ్ఞాతంలోకి పోయి, 1990లో బయటికొచ్చినాడు. 1997 ఏప్రిల్ 6న అల్వాల్లో ఆయన ఇంటి మీదికొచ్చి తుపాకులతో కాల్చినారు. మిగతా తూటాలు తీసినారు గానీ వెన్నుపూస దగ్గర ఒకటి తీస్తే ప్రాణానికి ముప్పని వదిలేసినారు. నాకప్పుడు పదేండ్లు. టేపురికార్డరు అన్న పేపరు పట్టుకొచ్చి వాడలో అందరికీ గట్టిగా చదివి వినిపించినాడు. అమ్మ చాట పక్కన పెట్టి, "పాట పాడితే గూడా కాలుస్తారా" అని అడిగింది. ఎవురూ జవాబు చెప్పలా.

మా ఇంట్లో పదో తరగతి పాసయిన మొదటివాణ్ణి నేను. డిగ్రీ మొదటివాణ్ణీ నేనే. మదనపల్లె బీటీ కాలేజీలో చదివినాను. 1915లో అనీబిసెంటు పెట్టిన కాలేజీ అది. 1919లో రవీంద్రనాథ్ టాగూరు అక్కడికొచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి రాసినాడని, మార్గరెట్ కజిన్స్ దానికి స్వరం కుదిర్చిందని మాకు గర్వంగా చెప్పేవాళ్ళు. ఒక పాటకు బాణీ కుదిరిన చోటును వందేండ్లయినా మర్చిపోకుండా చెప్పుకొంటారు, మంచిదే. మా వాడలో తరతరాలుగా కుదిరిన దరువులు ఎన్నో. వాటికి చోటూ లేదు, పేరూ లేదు, తేదీ లేదు. ఆ ఆలోచన నాకు అప్పుడు రాలేదు. అప్పుడు నా తల నిండా అంబేద్కర్. వెట్టి మానండి, చచ్చిన గొడ్డును మోయడం మానండి, తలెత్తి నిలబడండి. హాస్టలు గదిలో రాత్రంతా చదివి పొద్దున్నే మనిషి మారిపోయినట్టు లేచేవాణ్ణి.

2006 ఎండాకాలం. ఊర్లో ఒక పెద్ద రైతు తల్లి పోయింది. నేను విద్యార్థి సంఘంలో ఉండే ఇద్దరు సావాసగాళ్ళను వెంటబెట్టుకొని ఇంటికొస్తా ఉండినాను. ఊరి నడుమ పాడె ఎదురొచ్చింది. పాడె ముందర నాయన. కాళ్ళకు చెప్పుల్లేవు, ఒంటి మీద చొక్కా లేదు, బాగా తాగుండాడు. నన్ను చూసినాడు. చేతిలో దరువు తప్పలా, కండ్లు మాత్రం దించేసుకొన్నాడు. నా సావాసగాళ్ళు నా పక్క చూడకుండా నడిచినారు.

ఆ రాత్రి నేను పలక తీసి అటక మీదికి విసిరేసినాను. "ఇంగ నువ్వు దీన్ని ముట్టుకొంటే ఈ ఇంట్లో నేను అన్నం తినను" అన్నాను. నాయన ఏమీ అనలా. బయటికి పోయి వేపచెట్టు కింద కూర్చున్నాడు. తర్వాత ఊర్లోనుంచి మూడు సార్లు కేకేసినారు. నాయన పోలా. ఆ ఏడు కల్లంలో మేర కొలవలా. అమ్మను ఆర్నెల్లు కూలికి పిలవలా. అప్పు పుట్టలా. నేను మదనపల్లెలో హాస్టల్లో ఉండినాను, అక్కడ మూడు పూటలా అన్నం. సంగటి లేని రాత్రులు వాళ్ళవి. ఆత్మగౌరవం నాది.

అయినా నేను చేసింది తప్పని ఈ రోజుకీ అనుకోను. చావు పలక మానడం ఎన్నో ఊర్లల్లో మనోళ్ళు నెత్తురు కార్చి సాధించుకొన్న హక్కు. అది ఎవురూ మర్చిపోకూడదు. కానీ అదే ఏడాది నేను మదనపల్లెలో సభలకు పోయి, వేదిక మీద డప్పు మోగితే ఒళ్ళు పులకరించి చప్పట్లు కొట్టినాను. 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా పుట్టినప్పటినుంచీ డప్పు మన జెండా అని ఉపన్యాసాలు చెప్పినాను. మా అటక మీద ఒక జెండా ఎలకలు కొడతా ఉండింది.

2012 డీఎస్సీలో నాకు సోషల్ టీచరు ఉద్యోగం వచ్చింది. కుప్పం పక్క ఒక హైస్కూలు. పెండ్లయింది, ఒక కూతురు. వాడలో మిద్దె కట్టినాను. ముప్పై ఐదేండ్లకే చక్కెర జబ్బు తగులుకొంది. తల ముందర నెరిసింది. పిల్లోళ్ళు కొత్త పాటలు వింటే నాకు గోలగా వినబడేది. నడివయసు ఇట్లనే వస్తుందేమో, ఎవురూ కేకేయకుండానే.

కుప్పానికి బెంగుళూరు రైల్లో రెండు మూడు గంటల దూరం. మా స్టాఫ్ రూములో ఒక సారుకు రాక్ సంగీతమంటే ప్రాణం. 2003 ఏప్రిల్ 4న బెంగుళూరులో రోలింగ్ స్టోన్స్ పాడితే చదువుకొనే వయసులో అప్పు చేసి పోయినాడంట. మిక్ జాగర్ కు అప్పటికే అరవై దగ్గర పడినాయి. "ఆ వయసులో ఆ ఎగురుడు చూడాల సార్. నేను ఇంట్లో వినిన గొంతు కాదది, ముసలిదైపోయింది. అయినా ఒక్కసారి కంటితో చూడకపోయుంటే జీవితంలో ఏదో బాకీ ఉండిపోయేది" అన్నాడు. నన్ను అడిగినాడు, "మీకు అట్లాంటోళ్ళు ఎవురన్నా ఉండారా సార్?"

గద్దర్ అన్నాను. ఆయన నవ్వినాడు. వెక్కిరింపు కాదు, రెండింటికీ ఏం సంబంధం అన్నట్టు. సంబంధం ఉంది. రోలింగ్ స్టోన్స్ తమ పేరు పెట్టుకొన్నది మడ్డీ వాటర్స్ అనే నల్లాయన 1950లో పాడిన పాటనుంచి. రాక్ అంతా నల్లోళ్ళ బ్లూస్ మీద మొలిచింది. ఆ నల్లోళ్ళ తాతలు అమెరికాలో బానిసలు. 1739లో సౌత్ కరోలినాలో బానిసలు డప్పులు కొట్టుకొంటా తిరగబడినారు. మరుసటేడు, 1740లో, అక్కడ బానిసలు డప్పు ముట్టుకోకూడదని చట్టం చేసినారు. సోషల్ టీచర్ని గదా, ఇదంతా చెప్పినాను. చెప్తా ఉంటే నాకే ఒక సంగతి తట్టింది. అక్కడ దొరలు బానిసను డప్పు కొట్టొద్దన్నారు. ఇక్కడ దొరలు మాదిగను డప్పు కొట్టి తీరాలన్నారు. రెండు చోట్లా కొట్టేవాణ్ణి ఎవురూ అడగలా, నీకు ఏం కావాల అని.

2022 చలికాలంలో హైదరాబాదులో ఒక సభకు గద్దర్ వస్తున్నాడని తెలిసింది. పోవాలనుకొన్నాను. సంఘంలో పాత సావాసగాళ్ళు వద్దన్నారు. "ఆయన ఇప్పుడు ఆ గద్దర్ కాదు. గుళ్ళకు పోయినాడు. జీవితమంతా ఎన్నికలు బూటకమని పాడి 2018లో పోయి ఓటేసినాడు. ఏ పార్టీ వేదికైనా ఎక్కుతున్నాడు. ఏముందని పోతావు" అన్నారు. వాళ్ళు చెప్పినవి అబద్ధాలు కావు. నాకూ బాధ ఉండింది. కానీ మా రచ్చబండ మీద ఆ గొంతు వినిన పిల్లోడు ఒకడు నా లోపల ఇంకా కూర్చోనుండినాడు. వాణ్ణి ఒకసారి తీసకపోవాల.

నాయనతో ఊరికే చెప్పినాను. డెబ్బై దగ్గర పడినాయి ఆయనకు. కాసేపు ఊరుకొని, "నేనూ వస్తా" అన్నాడు. ఆశ్చర్యపోయినాను. నాయన అప్పటికి కర్నూలు దాటి ఎరగడు.

మదనపల్లెలో రాత్రి బస్సెక్కినాము. అమ్మ సంగటి ముద్దలు, ఊరిబిండి కట్టిచ్చింది. కదిరి దాటినాక నాయన అడిగినాడు, "ఆయప్ప మనోళ్ళేనా?"

"మనోళ్ళే నాయనా. దళితుడు."

"దళితుడంటే? మాలా, మాదిగా?"

నేను కిటికీలోనుంచి బయటికి చూసినాను. సభల్లో అయితే ఇట్లాటి ప్రశ్నకు అరగంట జవాబు చెప్తాను. బస్సులో పక్క సీట్లో ఎవరున్నారో తెలీదు. "నిద్రపో నాయనా, తెల్లారేదానికి చేరతాము" అన్నాను. ముప్పై ఐదేండ్ల సర్కారు అయివారికి బస్సులో గొంతు పెగలలా. సభలో పలికే నోరు బస్సులో ఎందుకు మూతపడుతుందో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.

సభ సాయంత్రం. మైదానంలో ముందు కుర్చీలు పెద్దోళ్ళకు. మేము వెనక నిలబడినాము. ఎక్కువ మంది చదువుకొనే పిల్లోళ్ళు, అందరి చేతుల్లో సెల్ ఫోన్లు. ఉపన్యాసాలు అయ్యేసరికి చీకటి పడింది. అప్పుడు ఆయన వచ్చినాడు. మెట్లెక్కేటప్పుడు ఒక పిల్లోడి భుజం పట్టుకొన్నాడు. గోచీ లేదు, ప్యాంటు, చొక్కా, పైన గొంగడి. చేతిలో కర్ర. నడ్డి కొంచెం వంగింది. క్యాసెట్టు మీద బొమ్మలో ఉండిన మనిషి కాదు. డెబ్బై దాటిన ముసలాయన.

మొదటి పాటలో గొంతు పైకి పోలా. రెండో చరణం దగ్గర తెగింది. దగ్గు వచ్చింది. నా చుట్టూ పిల్లోళ్ళు ఈలలేస్తా ఉండారు గానీ నాకు గుండె బరువెక్కింది. మావోళ్ళు చెప్పింది నిజమే, రాకుండా ఉండాల్సింది అనుకొన్నాను. మనం ప్రేమించినోళ్ళు ముసలోళ్ళయిపోతే వాళ్ళ మీద కోపమొస్తుంది. వాళ్ళను చూస్తే మన వయసు తెలిసిపోతుంది గదా.

నాయన నా చేయి తట్టినాడు. "చూడు, ఆయప్పకు ఊపిరి చాలకపోతే పలకోడు ఎట్ల ఎత్తుకొంటా ఉండాడో."

అప్పుడు చూసినాను. గద్దర్ వెనక నలుగురు డప్పులోళ్ళు. అంచున ఒక నడివయసాయన. గద్దర్ మాట ఆగే చోట ఆయన చేయి ముందే పడుతుంది. మాట తెగినట్టు కాదు, కావాలనే ఆపినట్టు వినబడుతుంది. గద్దర్ గూడా ఆ పక్కకు ఒక చెవి పెట్టే పాడుతున్నాడు.

"బలం ఉండేటప్పుడు అన్ని దెబ్బలూ కొడతాము" అన్నాడు నాయన. "బలం తగ్గినాక ఏ దెబ్బ ఇడిసిపెట్టాల్నో తెలుస్తాది. చూడు, ఆయప్ప పైమాట తాను ఇడిసిపెట్టి జనం చేత అనిపిస్తా ఉండాడు. పనోడు."

పనోడు. కవి అనలా, నాయకుడు అనలా, యుద్ధనౌక అనలా. మా నాయన నోట్లో అంతకన్నా పెద్ద మాట లేదు. నేను గద్దర్ లో మారిపోయిన మనిషిని వెతుకుతా ఉండాను. నాయన పని ఎరిగిన మనిషిని చూస్తా ఉండాడు. ఆ తర్వాత గంటసేపు నేనూ నాయన కండ్లతోనే చూసినాను. గొంతు కాసేపటికి కాగింది. అమ్మ మీద పాటొచ్చింది, చచ్చిపోయినోళ్ళ మీద పాటొచ్చింది. పాట నడుమ ఆపి కత చెప్పినాడు, నవ్వించినాడు, మళ్ళీ అందుకొన్నాడు. ఎగరలేదు. ఒక్కసారి మాత్రం కాలు నేలకేసి తన్నినాడు. మైదానం అంతా లేచింది. నాయన చేతివేళ్ళు తొడ మీద ఆడతా ఉండినాయి. పదహారేండ్లయింది ఆ వేళ్ళు అట్ల ఆడి.

సభ అయిపోయినాక జనమంతా గద్దర్ తో ఫోటోలకు ఎగబడినారు. నాయన అటు పోలా. వేదిక పక్కకు పోయి ఆ డప్పాయన ముందర నిలబడినాడు. "నీ చేయి బాగుండాది నాయనా" అన్నాడు. ఆయన లేచి నిలబడి, "మీరూ కొడతారా పెద్దయ్యా" అని తన డప్పు తీసి చేతిలో పెట్టినాడు. నాయన దాన్ని తిప్పి తిప్పి చూసినాడు. తోలు కాదు, ప్లాస్టిక్కు. చుట్టూ ఇనుప బిగింపులు. "మంట మీద కాచే పని లేదా దీన్ని?" "లేదు పెద్దయ్యా, వానలో గూడా మోగుతుంది." నాయన వేలితో ఒకసారి మీటి చెవి దగ్గర పెట్టుకొన్నాడు. పుల్లలు అందుకొన్నాడు. అందుకొని, వెనక్కి తిరిగి నన్ను చూసినాడు.

"అబ్బోడా, కొట్టేదా?"

నా జీవితంలో చాలా మాటలు పడినాను. అయివారి మాట పడినాను. గది బాడుగకు అడిగితే కులం అడిగిన మాటలు పడినాను. ఇంత బరువు మాట ఏదీ లేదు. నా కన్నతండ్రి, డెబ్బై ఏండ్ల మనిషి, చేతిలో పుల్లలు పట్టుకొని నా పర్మిషన్ అడగతా ఉండాడు.

"నన్నెందుకు అడుగుతావు నాయనా" అన్నాను.

"నువ్వే గదా వద్దనింది."

కోపంగా అనలా. వాన రాలేదు అన్నట్టు అన్నాడు. ఊరు ఆయన్ను కొట్టమనింది. నేను కొట్టొద్దన్నాను. ఊరి మాటకూ నా మాటకూ చాలా తేడా ఉంది, నేను ఒప్పుకొంటాను. కానీ ఆయన్ను అడగకపోవడంలో మాత్రం మా ఇద్దరికీ తేడా లేదు. కొట్టు నాయనా అని చెప్పబోయి ఆగినాను. అది గూడా నేను ఇచ్చే ఉత్తర్వే అవుతుంది. ఊరికే చేతిలో సంచి అందుకొని పక్కకు జరిగినాను.

నాయన కొట్టినాడు. రెండు నిమిషాలో మూడు నిమిషాలో. అది జాతర దరువు. డప్పాయన ఇంకో డప్పు అందుకొని కలిసినాడు. నలుగురు పిల్లోళ్ళు ఫోన్లు ఎత్తినారు. నాయన వాళ్ళను చూడలా.

తిరుగు బస్సులో కర్నూలు దగ్గర టీ తాగేటప్పుడు తానే చెప్పినాడు. "ఆ పొద్దు నువ్వు చెప్పింది తప్పు గాదు. నాకూ ఆ చావులకు కొట్టబుద్ది అయ్యేది గాదు. తాగితే గాని చేయి లేచేది గాదు. నువ్వు వద్దన్నాక తాగుడూ తగ్గింది. కానీ నాకు చేతనైంది అదొక్కటే గదా. నాకు ఇరవై రెండు దరువులొచ్చు. మా నాయన నేర్పించినాడు. నువ్వు దాన్ని అటక మీదికి ఎత్తేసి, మా నాయనకు ఏమీ రాదు, చదువు రానోడు అని మీవోళ్ళకు చెప్తా ఉంటివి. అదే నాకు మనసుకు కష్టమాయ."

అన్నలారా, అక్కలారా, మన సభలు డప్పు లేకుండా మొదలు కావు. గోడపత్రికల మీద డప్పు బొమ్మ ఉంటుంది. వక్తల పేర్లుంటాయి, అధ్యక్షుడి పేరుంటుంది. కొట్టేవాళ్ళ పేర్లు ఎన్నిట్లో ఉన్నాయో ఒకసారి తీసి చూడండి. ఆ రాత్రి మా నాయనకు డప్పిచ్చిన ఆయన పేరు నేనూ అడగలా. బస్సు అనంతపురం దాటినాక గుర్తుకొచ్చింది.

2023 ఆగస్టు 6, ఆదివారం. చుండూరులో 1991లో మనోళ్ళను నరికి గోతాల్లో కుక్కి కాలవలో వేసిన రోజు. ఆ రోజే గద్దర్ పోయినాడని ఫోనులో వచ్చింది. హైదరాబాదు ఎల్బీ స్టేడియంలో శవాన్ని ఉంచినారు. మరుసటి రోజు అల్వాల్లో, ఆయన పెట్టిన మహాబోధి బడి ఆవరణలో పూడ్చినారు. ఒంట్లో తూటా పెట్టుకొని ఇరవై ఆరేండ్లు బతికినాయనకు అధికార లాంఛనాలు. ఆ తర్వాత తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులకు ఆయన పేరు పెట్టింది, 2025లో మొదటిసారి ఇచ్చింది.

ఆ ఆదివారం సాయంత్రం నేను ఊర్లోనే ఉండినాను. నాయన అటక మీద చేయి పెట్టి పలక దించినాడు. తోలు ఎలకలు కొట్టేసినాయి, చట్రం మాత్రం గట్టిగా ఉంది. "పుంగనూరు పోయి మేకతోలు తీసకరా" అన్నాడు. నాయన నాకు పని చెప్పి ఎన్నేండ్లయిందో. బండేసుకొని పోయి తెచ్చినాను. నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిగించి, ఎండబెట్టేదానికి కొన్ని రోజులు పట్టింది. పక్కన కూర్చొని నా కూతురు గూడా తోలు పట్టుకొంది. అమ్మ వద్దనింది గాని నాయన, "పట్టుకోనీ, చేతులు కడుక్కొంటే పోతాది" అన్నాడు. ఎనిమిదో రోజు రాత్రి వాడ నడుమ వరిగడ్డి మంట వేసి పలక కాచినాడు. టేపురికార్డరు అన్న, ఇప్పుడు ఆయనకూ అరవై, సెల్ ఫోనులో గద్దర్ పాట పెట్టబోతే నాయన వద్దన్నాడు. పాట లేకుండా చావు దరువు ఒక్కటే కొట్టినాడు. తాగలా. చొక్కా వేసుకొన్నాడు. చెప్పులు వేసుకొన్నాడు. కేకేసి పిలవకుండా, మేర కోసం కాకుండా, మా నాయన కొట్టిన మొదటి చావు పలక అది.

పలక వాడలో మోగితే ఊర్లో వినబడకుండా ఉంటుందా. నేను భయపడినట్టే జరిగింది. రెండు నెలలకు ఊర్లో ఒక పెద్దాయన పోయినాడు. పొద్దున్నే ఒక పిల్లోడు మోటారుబండి మీద వాడ మొదట్లోకి వచ్చి ఆగినాడు. ఇంజను ఆపకుండానే కేకేసినాడు. నాయన పేరు పెట్టే కేకేసినాడు. వాళ్ళ తాత మాదిరే. "మళ్ళా కొడతా ఉండావంట గదా. పది గంటలకు రా."

నాకు నెత్తురు మరిగింది. ఇదే, ఇందుకే గదా అటక మీద పెట్టింది అనుకొంటా బయటికొచ్చినాను. నేను నోరు తెరిచేలోపల నాయన వాకిట్లోకి వచ్చినాడు. చేతిలో టీ గ్లాసు ఉంది. నిదానంగా ఒక గుక్క తాగినాడు.

"అది నేను ఆయప్ప కోసం కొట్టింది. మీకు కావాలంటే మదనపల్లెలో బ్యాండుసెట్లు ఉండాయి. బాడుగ మాట్లాడుకొని పిలుచుకోండి."

బండి కాసేపు అట్లనే గుర్రుమంటా నిలబడింది. తర్వాత తిరిగిపోయింది. నాయన నా పక్క చూసినాడు. ఈసారి ఏమీ అడగలా. గ్లాసు కడిగి బోర్లించి లోపలికి పోయినాడు.